గోటికి తగిలే గీత: తుపాకి కొయ్య మీద మోల్డింగ్ తీసే స్క్రేపర్ల తయారీ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఈ రెండు కొయ్య ముక్కలు పంపిస్తున్నాను, చేతులు మార్చుకుంటూ చూడండి. రెండూ ఒకే మేపుల్ దుంగలోంచి కోసినవే. రెండింటి మీదా పొడుగునా ఒక చిన్న మోల్డింగ్ ఉంది. ఒక పూస, అంటే గుండ్రటి ఉబ్బు గీత, దాని పక్కనే ఒక పల్లం, రెండూ కలిపి 5 మిల్లీమీటర్ల వెడల్పు. కంటితో చూసి ఊరుకోకండి. కళ్ళు మూసుకుని గోటిని అడ్డంగా లాగండి. ఒక ముక్క మీద గోరు పూస అంచు దగ్గర టక్కున ఆగి కిందికి దిగుతుంది. రెండో ముక్క మీద జారిపోతుంది. మొదటిది స్క్రేపర్‌తో, అంటే గీకే ఉక్కు రేకుతో, గీసి అలాగే వదిలేశాను. రెండోదీ అదే స్క్రేపర్‌తో గీసిందే, కాకపోతే నునుపు రావాలని పైన గరుకు కాగితం రుద్దాను. రుద్దింది మహా అయితే రెండు నిమిషాలు. అంతలోనే అంచు పోయింది. అంచు పోతే నీడ పోతుంది. నీడ పోతే ఇక ఆ మోల్డింగ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నేను చేసే పని ఎక్కువగా 18వ శతాబ్దపు అమెరికన్ లాంగ్ రైఫిళ్ళ పద్ధతిలో కొయ్య చెక్కడం. జర్మన్ మాట్లాడే కమ్మరులు, తుపాకి పనివాళ్ళు పెన్సిల్వేనియాకు వలస వచ్చి, తమ వెంట తెచ్చుకున్న యేగర్ రైఫిల్ (పొట్టి జర్మన్ వేట తుపాకి) పనితనాన్ని అక్కడ కొత్తగా మలిచారు. గొట్టం పొడుగు పెరిగింది. 42 అంగుళాల పైచిలుకు గొట్టం మామూలైపోయింది. కొయ్య ఆ గొట్టం కింద మూతి దాకా సాగింది. ఎక్కువగా వాడింది మేపుల్. వాల్‌నట్, చెర్రీ కూడా ఉన్నాయి. గొట్టం కింద, మందు దట్టించే కడ్డీ ఒదిగి కూర్చోవడానికి కొయ్యలో ఒక గాడి ఉంటుంది. ఆ గాడికి అటూ ఇటూ, ముందున్న ముక్కు తొడుగు నుంచి కడ్డీ కొయ్యలోకి దూరే చోటు దాకా, సన్నగా ఒక మోల్డింగ్ నడుస్తుంది. రెండడుగుల పైనే పొడుగు. కొన్ని తుపాకుల మీద అది ఒట్టి గీతే. కొన్నింటి మీద జంట గీతలు. మంచి పనివాడి చేతిలో పడితే పూస, పల్లం. కొయ్య వెనక, భుజానికి ఆనే మడమ అడుగు అంచు వెంట ఇంకోటి ఉంటుంది. చెంప ఆనించే దిమ్మ కింద మరోటి.

ఇది అలంకారమే, ఒప్పుకుంటాను. కానీ దానికొక పని ఉంది. కొయ్య ముందు భాగాన్ని ఎంత పల్చగా చెక్కినా పక్కనుంచి చూస్తే ఒకే దిమ్మలా కనిపిస్తుంది. పొడుగునా ఒక నీడ గీత పడితే కన్ను ఆ గీత పట్టుకుని మూతి దాకా పోతుంది. తుపాకి సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది. అందుకే నేను మోల్డింగ్‌ను మొదట కాగితం మీద గీయను. ఒక వృథా ముక్క మీద ఉలితో నాలుగు రకాలుగా తీసి, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి చూస్తాను. అంత దూరం నుంచి కనిపించేది ఏదో అది తీసుకుంటాను. రేకు చేయడం అక్కడ మొదలవుతుంది.

సరే, రేకే ఎందుకు? చిత్రిక ఎందుకు వాడకూడదు? తుపాకులకు ఇష్టంగా ఎంచుకునే మేపుల్‌ను మీరు చూసే ఉంటారు, అడ్డంగా పులిచారల్లాంటి అలలు ఉంటాయి. అవి రంగు మచ్చలు కావు. లోపల నార నిజంగానే అలలు అలలుగా పైకీ కిందికీ తిరిగి ఉంటుంది. నాలుగైదు మిల్లీమీటర్లకోసారి వాలు మారిపోతుంది. చిత్రిక ఒక అల మీద నున్నగా పోయి, పక్క అలకు వచ్చేసరికి ఎదురు నార తగిలి పెళ్ళగిస్తుంది. 5 మిల్లీమీటర్ల పట్టీలో ఒక్క పెచ్చు లేచినా పూస విరిగినట్టే. రేకు అలా చేయదు. దాని అంచు కొయ్య మీద దాదాపు నిట్టనిలువుగా నిలబడి పొడిపొడిగా, సన్నటి పొరగా గీకుతుంది. నార ఎటు వాలినా పైకెత్తే అవకాశం దానికి ఇవ్వదు. వాల్‌నట్, చెర్రీ, మేపుల్‌లాంటి గట్టి కర్రలకు ఇది సరిపోతుంది. మెత్తటి కర్ర మీద ప్రయత్నించకండి, గీసుకోకుండా నలిగిపోతుంది.

ఇక ఉక్కు. పాత చేతి రంపం రేకును మించింది నాకు ఇంతవరకు కనబడలేదు. ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందం ఉంటుంది. స్ప్రింగులా వంగి తిరిగి లేచేంత పదును దానికి ముందే పెట్టి ఉంటుంది. అదే సమయంలో మంచి ఆకురాయికి లొంగుతుంది. అంటే నిప్పు ముట్టకుండానే రేకు తయారవుతుంది. ఇప్పటి రంపాల్లో కొన్నింటికి పళ్ళు మాత్రం నల్లగా, నీలంగా మెరుస్తుంటాయి, పళ్ళ వరకే గట్టిపరిచినవన్న మాట. ఆ భాగం మీద పెడితే ఆకురాయి జారిపోతుంది, పాడవుతుంది కూడా. పళ్ళకు దూరంగా ముక్క కోసుకోండి. గ్రైండర్‌తో కోసేటప్పుడు క్షణక్షణానికి నీళ్ళలో ముంచండి. అంచున నీలం రంగు పాకిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయిందని అర్థం. ఆ మేరకు ఆకురాయితో తీసేయండి.

రంపం దొరక్కపోతే మెత్తబరిచిన కార్బన్ ఉక్కు పట్టీ తీసుకుని, ఆకారం తీశాక గట్టిపరచుకోవచ్చు. ఎర్రగా కాల్చాలి. అయస్కాంతం పట్టడం మానేశాక, అంటే సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటాక, ఇంకాస్త కాల్చి నూనెలో నిలువుగా ముంచాలి. అడ్డంగా ముంచితే పల్చటి రేకు మెలి తిరుగుతుంది. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. రుద్ది మెరిపించి, లేత గడ్డి రంగు వచ్చేదాకా, అంటే 200 డిగ్రీల పై చిల్లరకు, మళ్ళీ మెల్లగా వెచ్చబెట్టాలి. ఈ దారి చెప్పాను గానీ, మొదటి రేకుకు ఈ తంటా వద్దు.

ఇప్పుడు అసలు పని. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

రేకు మీద ఉండేది కొయ్య మీద కావలసినదానికి తలకిందులు. కొయ్య మీద పూస కావాలంటే రేకులో పల్లం ఉండాలి. కొయ్య మీద పల్లం కావాలంటే రేకు మీద ఉబ్బు. ఇది అందరికీ తెలిసిందే అనిపిస్తుంది, కానీ ఆకురాయి చేతిలోకి వచ్చాక తికమకపడనివారు తక్కువ. రేకు ముఖానికి మార్కర్ సిరా పూసి ఆరనివ్వండి. కొయ్య ముక్క మీద ఉలితో తీసిన నమూనాను అడ్డంగా నరికి, ఆ కోసిన ముఖాన్ని రేకుకు ఆనించి, సన్నని సూదితో చుట్టూ గీయండి. అప్పుడు తలకిందుల సమస్య ఉండదు. కొయ్య ఎక్కడుందో అక్కడి ఉక్కు పోవాలి, అంతే.

ఆకారానికి తగ్గ ఆకురాయి వెతుక్కోవడం కన్నా, ఆకురాయికి తగ్గ ఆకారం ఎంచుకోవడం తెలివైన పని. చెయిన్ రంపం పళ్ళకు వాడే గుండ్రటి ఆకురాయి 4 మిల్లీమీటర్ల వ్యాసంలో దొరుకుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. సాధారణంగా దొరికే ఎలుకతోక ఆకురాయి కొన వైపు సన్నబడుతుంది కాబట్టి పల్లం ఒక పక్క పెద్దదై, ఇంకో పక్క చిన్నదవుతుంది. ఈ 4 మిల్లీమీటర్ల ఆకురాయితో 3 మిల్లీమీటర్ల వెడల్పున పల్లం తీస్తే లోతు సుమారు 0.7 మిల్లీమీటరు వస్తుంది. చిన్న తుపాకి పూసకు అది చక్కటి ఎత్తు. గాడి పక్కన కొయ్య గోడ పల్చన అని మరిచిపోవద్దు. మొత్తం మోల్డింగ్ లోతు ఒక మిల్లీమీటరు దాటనివ్వను నేను. పూసకూ పల్లానికీ మధ్య నిలువు మెట్టు కోసం కత్తి అంచు ఆకురాయి వాడాలి. ఇందాక మీ గోరు ఆగింది ఆ మెట్టు దగ్గరే. అక్కడ మూల గుండ్రబడితే మిగతా అంతా ఎంత బాగున్నా దండగ.

ఆకురాయిని రేకు ముఖానికి సరిగ్గా 90 డిగ్రీల్లో నడపండి. వైస్‌లో రేకును ఒక చదునైన చెక్కదిమ్మతో కలిపి బిగించి, దిమ్మ పై ముఖాన్ని కంటికి మట్టంగా పెట్టుకుంటే వాలు తెలుస్తుంది. ఏటవాలుగా రాస్తే అంచు చాకులా వాడిగా ఉంటుంది నిజమే, కాకపోతే ఒక దిక్కుకే కోస్తుంది, త్వరగా మొద్దుబారుతుంది కూడా. 90 డిగ్రీల అంచుకు రెండు మూలలుంటాయి. ముందుకు లాగినా కోస్తుంది, వెనక్కి నెట్టినా కోస్తుంది. నార దిక్కు మారే చోట చేయి తిప్పి అవతలి వైపు నుంచి గీసుకోగలగడం చిన్న విషయం కాదు.

ఆకురాయి పని అయ్యాక, చాలామంది రేకు అయిపోయిందనుకుంటారు. సగమే అయింది. భూతద్దం పెట్టి చూడండి, అంచు మీద అడ్డంగా ఆకురాయి పళ్ళ గాట్లుంటాయి. ఆ ప్రతి గాటూ కొయ్య మీద రెండడుగుల పొడుగునా ఒక గీతగా అచ్చు పడుతుంది. నా మొదటి తుపాకి మీద పూసంతా దువ్వెన్నతో దువ్వినట్టు చారలు పడ్డాయి. కొయ్యలో లోపమేమోనని వారం రోజులు బాధపడ్డాను. తీరా చూస్తే లోపం నా రేకులో ఉంది. మందు ఇదీ: పల్లానికి సరిపోయే సన్నటి కడ్డీకి 400 నంబరు ఎమరీ కాగితం చుట్టి, తర్వాత 800, ఆ తర్వాత 1500, ఆకురాయి నడిచిన దిక్కులోనే రుద్దండి. మెట్టు మూలలోకి మాత్రం కాగితం పోనివ్వకండి. అక్కడ పుల్లను పలుచని చీలికలా చెక్కి, దాని కొనకు మెరుగు పెట్టే పేస్టు రాసి రుద్దాలి. చివరగా రేకు రెండు ముఖాలనూ నూనె వేసిన చదునైన సానరాయి మీద పరిచి, నాలుగుసార్లు తిప్పండి. ముఖం, అంచు రెండూ అద్దంలా కలిసినప్పుడే ఆ మూల పదునవుతుంది.

పెద్ద చదును స్క్రేపర్లకు అంచును ఉక్కు కడ్డీతో నొక్కి సన్నటి బర్, అంటే అంచున కొక్కెంలా వంగిన ఉక్కు పెదవి, తిప్పుతారు, దాంతో పొరలు పొరలుగా వస్తాయి. ఇంత చిన్న ఆకారం మీద ఆ పని చేయకండి. బర్ వంగితే ఆకారం మారిపోతుంది, పల్లంలో కడ్డీ సమానంగా దిగదు. ఒట్టి 90 డిగ్రీల మూల చాలు.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, రేకు అందరూ చూసేలా చూపించమని. ఇదిగో, ఇది ఈ వరస నుంచి పంపిస్తున్నాను. ఆకారం ఉన్న అంచు ముట్టుకోకండి, వేలు తెగుతుంది. ఇంకో విషయం గమనించండి, మోల్డింగ్ ఆకారానికి అవతల రేకు మూలలన్నీ గుండ్రంగా రాసేశాను. లేకపోతే ఆ మూలలు కొయ్య మీద మనకు అక్కర్లేని గీతలు గీస్తాయి.

ఈ రేకును చేత్తో పట్టుకుని గీయడం కుదరదు. దానికి దారి చూపే పిడి కావాలి. ఇంగ్లీషు మాట్లాడే వడ్రంగులు దీన్ని స్క్రాచ్ స్టాక్ అంటారు. గట్టి కర్రలో అరచేతిలో ఇమిడేంత ముక్కను మూల ఆకారంలో కోయండి. ఒక భుజంలో రంపంతో గాటు పెట్టి, రేకును అందులో దూర్చి, రెండు మరలతో బిగించండి. రెండో భుజం కొయ్య అంచుకు ఆనుకుని నడుస్తుంది, దాన్ని గైడ్ అందాం. గైడ్ నుంచి రేకు ఎంత దూరంలో ఉంటే మోల్డింగ్ అంచు నుంచి అంత దూరంలో పడుతుంది. దీని తయారీకి గంట కూడా పట్టదు. కానీ తుపాకి కొయ్య మీద గైడ్ ఆకారం గురించి ఆలోచించకపోతే మొత్తం పాడవుతుంది.

ఎందుకంటే తుపాకి కొయ్య మీద తిన్నని గీత దాదాపు లేదు. మంచి లాంగ్ రైఫిల్ గొట్టం కూడా తిన్నగా ఉండదు. వెనక లావుగా మొదలై, మధ్యలో నడుము సన్నబడి, మూతి దగ్గర మళ్ళీ కొద్దిగా వెడల్పవుతుంది. కొయ్య అంచు కూడా దానితో పాటే వంగుతుంది. పొడుగాటి చదును గైడ్ పెడితే లోపలికి వంగిన చోట రెండు కొసలే ఆనుకుని మధ్యలో ఖాళీ మిగులుతుంది, మోల్డింగ్ అంచుకు దగ్గరగా జరిగిపోతుంది. అందుకని గైడ్‌ను పొట్టిగా, ఉబ్బెత్తుగా చెక్కండి. పడవ అడుగులా అనుకోండి. గాడి పక్కన మోల్డింగ్‌కైతే నేను వేరే ఉపాయం వాడతాను. గాడి సరిగ్గా పట్టేంత లావు గుండ్రటి పుల్లను, సుమారు 10 మిల్లీమీటర్లు, చిన్న ముక్కగా కోసి దాన్నే గైడ్‌గా పిడికి బిగిస్తాను. అది గాడిలో జారుతూ పోతుంది. గాడి ఎంత నున్నగా ఉంటే మోల్డింగ్ అంత నున్నగా వస్తుంది. గాడిలో ఒక్క గతుకున్నా మోల్డింగ్‌లో కనిపిస్తుంది. కాబట్టి ముందు గాడి సరిచేసుకోండి, ఆ తర్వాతే రేకు.

గీయడానికి ముందు గొట్టాన్ని దాని చోట్లో పెట్టి బిగించండి. గొట్టం లేకుండా ఆ పల్చటి కొయ్య వెదురుబద్దలా ఊగుతుంది. కడ్డీని పట్టే ఇత్తడి గొట్టాలుంటే తీసి పక్కన పెట్టండి. మోల్డింగ్ బయటి అంచు గీతను ముందు కత్తి మొనతో తేలిగ్గా కోసుకోండి, నార తెగి ఉంటే పెచ్చు లేచినా ఆ గీత దాటి పోదు.

మొదలెట్టేది అవతలి కొస నుంచి. మీకు దూరంగా ఉన్న రెండంగుళాల మీద చిన్న చిన్నగా లాగండి. కొద్దిగా దారి పడ్డాక ఇంకో రెండంగుళాలు వెనక్కి రండి. ప్రతిసారీ రేకు ముందే పడిన గాట్లోకి పోయి కలుస్తుంది, తప్పిపోయే వీలుండదు. మొదటి లాగుడే రెండడుగులు లాగితే ఎక్కడో ఒక చోట గైడ్ అంచు వదులుతుంది. నాకు వదిలింది. నెలన్నర పాటు చెక్కిన కొయ్య మీద రేకు ఎగిరి, పక్కన ఇంకో గీత గీసింది. ఆ గీత పోవడానికి కొయ్య ముందు భాగమంతా దాదాపు అర మిల్లీమీటరు దించాల్సి వచ్చింది. అంతా మళ్ళీ కొలిచి, మళ్ళీ గీసి, మళ్ళీ నునుపు చేసి… ఆ పని చేస్తున్నంతసేపూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

బరువు పెట్టకండి. మీ శ్రద్ధంతా గైడ్‌ను అంచుకు ఆనించడం మీద ఉండాలి, కిందికి నొక్కడం మీద కాదు. పిడిని లాగే దిక్కుకు కొద్దిగా వాల్చండి, పది డిగ్రీలు చాలు. ఎక్కువ వాలిస్తే ఏమవుతుందంటే, ఆకారం లోతు తగ్గిపోతుంది. పది డిగ్రీల దగ్గర తగ్గేది నూటికి ఒకటిన్నర వంతు, తెలియను కూడా తెలియదు. ముప్పై డిగ్రీలు వాలిస్తే నూటికి పదమూడు వంతులు తగ్గుతుంది. మీరు అంత శ్రద్ధగా రాసిన గుండ్రటి పూస చప్పిడిగా వస్తుంది. వెళ్ళేటప్పుడు ఒక వాలు, వచ్చేటప్పుడు ఒక వాలు అయితే రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

రేకు టకటకమని ఎగిరి కొయ్య మీద అలలు పడుతుంటే, అది పిడిలోంచి ఎక్కువ బయటికి వచ్చిందని అర్థం. ఆకారం లోతుకు ఇంకో మిల్లీమీటరు కలిపితే చాలు, మిగతాది లోపలికి నెట్టండి. అయినా ఆగకపోతే రేకు పల్చనిదై ఉంటుంది, మందంగా ఉన్నది తీసుకోండి. పులిచారల మేపుల్‌లో ఈ అలలు చారలతో కలిసిపోయి ముందు కనబడవు. రంగు పూశాక బయటపడతాయి. అందుకే పని మధ్యలో దీపాన్ని పక్కకు దించి చూస్తుండండి.

మడమ అడుగున ఉండే మోల్డింగ్ సంగతి వేరు. అది చాలా తుపాకుల మీద వెనక్కి పోయేకొద్దీ వెడల్పవుతుంది. స్క్రాచ్ స్టాక్ ఒకే వెడల్పున తప్ప గీయలేదు. అక్కడ రెండు గీతలనూ వీ ఉలితో విడివిడిగా కోసుకుని, మధ్య భాగాన్ని పిడి లేని రేకుతో, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని గీకుతాను. దానికి రెండు మూడు రేకులు, ఒకటి కొంచెం చదునుగా, ఒకటి కొంచెం ఉబ్బుగా ఉంటే సరి. చెంప దిమ్మ కింది మోల్డింగ్ కొసలు మలుపు తిరిగి ఆగిపోయే చోట రేకు పనికిరాదు. చిన్న ఉలి, ఓపిక, అంతే.

గీయడం పూర్తయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నార కొసలు చిన్న మీసాల్లా లేస్తాయి. అదే రేకుతో, ఆకారం మార్చకుండా, ఈకతో నిమిరినట్టు ఒక్కసారి లాగితే అవి రాలిపోతాయి. గరుకు కాగితం జోలికి పోవద్దని ఇందాకే చూశారు. మరీ మెరుపు కావాలంటే గట్టి కర్రను పూసకు సరిపడే పల్లంగా చెక్కి దానితో నొక్కి రుద్దండి, కర్రతో కర్రకు మెరుగు.

అమెరికాలో వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అనే చారిత్రక మ్యూజియంలో 18వ శతాబ్దపు పద్ధతిలోనే చేతితో తుపాకులు తయారుచేసే పనిశాల ఉంది. ఈ పనిని గంభీరంగా తీసుకునేవాళ్ళకు అక్కడి వస్తువులను దగ్గర నుంచి చూడడం పెద్ద చదువు. పాత తుపాకులు ఎక్కడ చూసే అవకాశం దొరికినా ముందు ఆ గాడి పక్కకు వంగి చూడండి. మోల్డింగ్ మధ్యలో ఎక్కడైనా కాస్త దారి తప్పి మళ్ళీ కలిసిన చోటుందేమో వెతకండి. నేను అలాంటి చోట్లు చూశాను. ఆ మనిషి గైడ్ ఎక్కడ వదిలిందో, మళ్ళీ ఎక్కడ పట్టుకున్నాడో తెలిసిపోతుంది. అది చూసిన రోజు నా పాడైన కొయ్య మీద కోపం కాస్త తగ్గింది.

చివరి ప్రశ్న ఏమిటంటే, ఒక రేకు ఎన్ని తుపాకులకు వస్తుందని. మధ్య మధ్యలో ముఖాలను సానరాయి మీద తిప్పుకుంటుంటే చాలా కాలం వస్తుంది. ఆకారం ఉన్న అంచును మాత్రం మళ్ళీ ఆకురాయితో ముట్టుకోకండి, ముఖాలే రుద్దండి. రేకు కాస్త పల్చబడుతుంది గానీ ఆకారం చెక్కు చెదరదు. ప్రతి రేకు మీదా ఏ తుపాకి కోసం చేశారో గీసి పెట్టుకోండి. రెండేళ్ళ తర్వాత ఎవరో మోల్డింగ్ దెబ్బ తిన్నదని అదే తుపాకి తిరిగి తెస్తే, ఆ రేకే కావాలి.

రేకులు, ముక్కలు ఇటు పంపించేయండి. ఈ బల్ల మీద బిగించి ఉన్న కొయ్యకు ఒక వైపు మోల్డింగ్ తీశాను. రెండో వైపు అవతలి కొస రెండంగుళాలు నేను మొదలుపెడతాను. మిగతాది మీరు ఒక్కొక్కరూ వచ్చి రెండేసి అంగుళాలు లాగండి.